లేదని చెప్పే విద్య

ఆఫీసులో అందరూ ఆవిడను చాటుగా చాదస్తం మేడమ్ అనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలిసినా పట్టించుకునే మనిషి కాదు.

అక్కడ తయారయ్యేది కంపైలర్. మనుషులు రాసిన ప్రోగ్రామును చిప్పుకు అర్థమయ్యే భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ అది. చిప్పులన్నీ ఒక్కలా ఉండవు. కొన్నింటిలో దశాంశాల లెక్క చేసే భాగం ఉంటుంది, చిన్నవాటిలో ఉండదు. లేనిదాన్ని ప్రోగ్రాము అడిగినప్పుడు కంపైలర్ ఏమని చెప్పాలో చూడటం ఆవిడ పని. ఎవరూ కోరుకోని పని కాబట్టే ఆవిడ నెత్తిన పడింది.

ఒకసారి ఆవిడ ఆసుపత్రి పరికరాల వర్క్‌షాపుకు వెళ్లింది. అక్కడ నెలలు నిండని పసిబిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలకు పాత చిప్పు తీసి చిన్న కొత్తది పెడుతున్నారు. కళ్లజోడు నుదుటికెక్కించుకున్న టెక్నీషియన్, కొత్త చిప్పు కోసం తను రాసిన ప్రోగ్రామును కంపైలర్‌కు ఇచ్చి, ఆవిడ ఎదుటే మీట నొక్కాడు. తెరంతా అంకెలే. రెండు వందల వరసలు జలజలా పారి ఆగిపోయాయి. ఆయన వేడి గిన్నె తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

“ఏదో పాడుచేసినట్టున్నాను మేడమ్.”

“మీరేం చేయలేదండీ. మా కంపైలర్‌కే చెప్పడం రాలేదు” అందావిడ. ఇరవై ఏళ్లుగా యంత్రాలు బాగుచేస్తున్న మనిషి తలదించుకుని కూర్చోవడం చూస్తే ఆవిడకు ప్రాణం చివుక్కుమంది.

మేనేజరుతో చెబితే ఆయన నవ్వేశాడు. “లేనిదాన్ని అడగడం వాళ్ల తప్పు. మనమెందుకు బుజ్జగించాలి?”

“లేదని తెలిస్తే కదండీ అడగకుండా ఉండేది.”

ఇంటికొచ్చాక అత్తగారికి అన్నం వడ్డిస్తూ ఇదంతా చెప్పింది. అత్తగారు ముద్ద చేతిలో పట్టుకునే అంతా విన్నారు. “అయితే లేదని చెప్పడమేనా నీ ఉద్యోగం?”

“అంతే అత్తయ్యా.”

“లేదనడం ఎవరికైనా వస్తుంది. ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పి పంపితే అది మర్యాద” అని అత్తగారు మళ్లీ అన్నం తినడంలో పడ్డారు.

మర్నాటి నుంచి మొదలైన పని పదకొండు నెలలు పట్టింది. చిక్కు ఎక్కడంటే, ప్రోగ్రాము కంపైలర్‌లో నలభై దశలు దాటుతుంది. గింజ పిండయ్యాక ఏ చిటికెడు ఏ గింజదో ఎవరు చెప్పగలరు? చిప్పులో ఫలానాది లేదన్న సంగతి చివరి దశలో గానీ బయటపడదు. అప్పటికి అది ఏ వరసలోంచి వచ్చిందో కంపైలర్ మరిచిపోయి ఉంటుంది. ప్రతి దశలోనూ ప్రతి ముక్కకూ దాని పుట్టిల్లు ఏదో చీటీ రాసి కట్టింది ఆవిడ. ఒకచోట కడితే ఇంకోచోట ఊడిపోయేది. కొండను తవ్వి ఎలుకను పడుతోందన్నారు పక్క బల్లవాళ్లు. ఆవిడ తవ్వుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఆ టెక్నీషియన్ ప్రోగ్రామునే తెచ్చి నడిపింది. కంపైలర్ కూలిపోలేదు. తెర మీద కొన్ని వాక్యాలు మాత్రం నిలిచాయి.

‘212వ వరసలో మీరు సగటు ఉష్ణోగ్రత అడిగారు. దానికోసం పిలిచిన లైబ్రరీ లోపల దశాంశాల భాగహారం ఉంది. మీరు ఎంచుకున్న చిప్పులో ఆ భాగం లేదు. 240, 305 వరసల్లోనూ ఇదే అవసరం పడుతోంది. డిగ్రీలో పదో వంతులను పూర్ణసంఖ్యలుగా లెక్కిస్తే ఈ చిప్పు సరిపోతుంది.’

ఆవిడ ఒక్కో మాటా చదివింది. ఆ భాగహారం టెక్నీషియన్ రాసింది కాదు. ఎవరో ఎప్పుడో రాసి అందరి కోసం ఉంచిన లైబ్రరీ అనే ప్రోగ్రాముల మూటలో, దాని అడుగున ఉన్న మరో లైబ్రరీలో ఎక్కడో దాగి ఉంది. నలభై దశల పిండిలోంచి కంపైలర్ వెనక్కి నడిచి వచ్చి, సరిగ్గా టెక్నీషియన్ రాసిన వరస దగ్గరే ఆగింది. విడివిడిగా ఆ మాటలన్నీ తను రాసినవే. కలిపి చూస్తే మాత్రం ఒళ్లు జలదరించింది.

మేనేజరు వచ్చి నిలబడే చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. “212 అని ఎక్కడ రాసిపెట్టారు?”

“ఎక్కడా రాయలేదండీ. అదే వెతుక్కుంది.”

ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

టెక్నీషియన్ తన ప్రోగ్రామును ఒక్క పూటలో సరిచేసుకున్నాడు. పరీక్షలన్నీ ముగిసి పెట్టెలు వార్డుకు చేరడానికి మరో నాలుగు నెలలు పట్టింది. అప్పుడు ఆయనే ఆవిడను పిలిచి చూపించాడు. అద్దం వెనక అరచేతిలో ఇమిడేంత బిడ్డ నిద్రపోతోంది. పైన 36.5 అని వెలుగుతోంది.

“లోపల అది మూడు వందల అరవై అయిదు మేడమ్. చూసేవాళ్ల కోసం చుక్క నేను పెట్టించాను” అన్నాడాయన, కాస్త గర్వంగానే.

ఆవిడ అద్దానికి దగ్గరగా వంగింది. చీమ తలంత చిప్పు, అది చేయలేని లెక్క, చేయలేనని అది ఒప్పుకోవడం, ఆ ఒప్పుకోలు విని ఈ మనిషి వేరే దారి పట్టడం, ఆ దారి చివర ఈ వెచ్చదనం. బిడ్డ పొట్ట లేస్తోంది, దిగుతోంది.

నర్సు దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. “మీరు పాపకి ఏమవుతారండీ?”

ఆవిడ తడబడింది. టెక్నీషియనే అందుకున్నాడు. “కావలసినవాళ్లేనమ్మా.”

నర్సు తలూపి, వాళ్లను కాస్త పక్కకు జరగమని, పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి బిడ్డను మరో పక్కకు తిప్పింది. అంకె 36.4కి దిగింది. ఆవిడ కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది. కాసేపటికి అది మళ్లీ 36.5 అయింది.