నాకూ వచ్చాయని చెప్పిన మెరుపులు

ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా. మోసీ మోసీ విసుగొచ్చింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను.

అమీర్‌పేట నిండా కంప్యూటర్ కోర్సుల కుర్రాళ్లు కిక్కిరిసిన రోజులవి. పంజగుట్టలో ఒక కంటి క్లినిక్‌లో పనిచేసేదాన్ని. అద్దాలు వదిలించుకోవాలని లేజర్ కోసం వచ్చేవాళ్లకి భయం పోగొట్టడం నా పని. నాకూ అదే ఆపరేషన్ అయింది కాబట్టే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. "నన్ను చూడండి" అంటే చాలు, సగం భయం పోయేది.

అలా వచ్చినవాళ్లలో సలీం ఒకడు. అతని కంటి పవరు మైనస్ పది. జావా నేర్చుకుంటున్నాడు. ఆపరేషనయ్యాక దూరం నుంచే బస్సు నంబర్లు చదివి, ఆ సంబరం నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. కొన్ని వారాలకి, ఒక శనివారం వచ్చాడు.

"మేడం, ఎడమ కంట్ల మెరుపులొస్తున్నయి. నల్ల చుక్కలు సుత తిరుగుతున్నయి. డాక్టర్ సాబ్‌కు జర చూపించాల్నా?"

"నాకూ వచ్చాయండీ. వారంలో పోయాయి. ఫికరేం లేదు."

నాకు రాలేదు. ఎప్పుడూ రాలేదు.

తెలియక అన్నానా? కాదు. లేజర్ కంటి ముందు పొరనే చెక్కుతుందని, అంత పవరున్న వాళ్లకి వెనక రెటీనా సాగి పల్చబడి ఉంటుందని, అద్దాలు పోయినా అది మారదని, మెరుపులంటే వెంటనే తన దగ్గరికి పంపమని మా డాక్టర్ గారు పదేపదే చెప్పారు. మరెందుకన్నాను? ఆయన ఆపరేషన్లలో ఉన్నారు, బయట జనం. అంతే అయితే "కాసేపు కూర్చోండి" అనొచ్చుగా? నా మాటకి ఎదుటివాళ్ల మొహం తేటపడటం చూడ్డం అలవాటైపోయి, ఆ అలవాటే నాతో అబద్ధమాడించిందా? ఇప్పటికీ ఆ క్షణాన్ని తిప్పి తిప్పి చూస్తుంటాను, ఎవరో వేరే మనిషి గురించి తెలుసుకుంటున్నట్టు. ఆ ఆసక్తికి నాకే సిగ్గేస్తుంది.

సలీం హాయిగా క్లాసుకి పోయాడు. కొన్నాళ్లకి ఆ కంట్లో కిందినుంచి నల్లటి తెర లేచింది. రెటీనా ఊడింది. బంజారా హిల్స్‌లో ఆపరేషన్ చేసి అతికించారు గానీ, ఆ కంటితో ఇక అక్షరం చదవలేడు. మెరుపులొచ్చిన మొదట్లోనే వచ్చుంటే, రెటీనాకి పడ్డ చిల్లు చుట్టూ లేజర్ కొట్టి ఆపేవాళ్లమని అక్కడి డాక్టర్ అన్నారట.

ఇదంతా సలీమే వచ్చి చెప్పాడు. నా పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదట. తర్వాత అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"మీకెట్ల పోయినయి మేడం? నాకే ఎందుకు పోలే?"

"ఒక్కొక్కరి కన్ను ఒక్కోలా ఉంటుందండీ" అన్నాను.

నమ్మాడు. లోపం తన కంటిదేననుకుంటూ మెట్లు దిగిపోయాడు. అతనికి చెప్పాల్సింది మీకు చెప్పాను. నాకు కాస్త ఊపిరాడుతోంది. అతను ఇంకా అలాగే అనుకుంటున్నాడు.