పోచమ్మ మేకపోతు, నా జపాను తోట

ఫోన్‌లో నాలుగు వీడియోలు చూస్తే చాలు, ఎవరైనా ఏ విద్యలోనైనా పండితుడైపోయే రోజులవి. మహబూబ్‌నగర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను జపాను తోటల పండితుణ్ణయ్యాను. ఇంటి ముందు కొంచెం జాగాలో తెల్ల కంకర పరిచి, గుట్ట మీది రాళ్లు మోసుకొచ్చి పేర్చి, నడుమ చింత మొక్క నాటాను. (వీడియోలో దేవదారు పెట్టారు. మా పాలమూరు ఎండను చూసి దేవదారు దండం పెట్టి వెళ్లిపోయింది.) కొమ్మలకు రాగి తీగ చుట్టి, కిందికి వంగడానికి రాళ్లు వేలాడదీసి, ఏళ్ల తరబడి కన్నబిడ్డలా పెంచాను. "ఏం పాపం జేసిందిరా గిది, గిట్ల సంకెళ్లేసినవ్?" అనేది మా అవ్వ.

మా ఆఫీసు పెద్దసారుకు చెట్లంటే ప్రాణం. ఆయన ముందు నేను చాలా కోతలు కోసి ఉన్నాను (చెట్టుకు కోసినవాటికంటే ఎక్కువే). ఆదివారం వచ్చి చూస్తానన్నారు. సరిగ్గా శనివారం సాయంత్రం బాపు ఊరి నుంచి మేకపోతును తోలుకొచ్చాడు. పోచమ్మకు మొక్కుకున్నదట, ఊళ్లో దొంగల భయం కాబట్టి బోనాల దాకా మా ఇంట్లోనే ఉండాలట. మొక్కుకున్న జీవాన్ని కట్టెయ్యకూడదు, కొట్టకూడదు, ఏం మేసినా కాదనకూడదు. మేకలు కాసుకునే మా ఇంట్లో అది తిరుగులేని మాట.

తెల్లారి లేచి చూస్తే అది వెనక కాళ్ల మీద నిలబడి నా చింతను మేస్తోంది. కట్టె అందుకున్నాను. అవ్వ అడ్డమొచ్చింది.

"కట్టె దించురా! పోచమ్మ సొమ్మది!"

"సారొస్తున్నడే అవ్వా!"

"సారు పెద్దనా, పోచమ్మ పెద్దనా?"

చివరికి చేతులు జోడించి, "జర దిగు సామీ" అని బతిమాలాను. అది నములుతూనే నన్ను చూసింది.

సారు వచ్చి చెట్టు చుట్టూ తిరిగారు. ఒక పక్కంతా బోడి. నాకు ఏడుపొక్కటే తక్కువ. "గాలికి వంగినట్టు ఒక పక్క ఖాళీ జేసినవ్! ఎవరు నేర్పిన్రయ్యా?" అన్నారు ఆయన. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "మా మేకపోతు, సారూ. పొద్దుగాల్నే మేసింది." సారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆఫీసులో నాకు మేకసారు అని పేరు స్థిరపడింది.

బోనాల దాకా అది రోజూ మేసింది, చెట్టు రోజురోజుకూ అందంగా తయారైంది. పండుగనాడు పోచమ్మ మొక్కు తీర్చి అందరూ బంతిలో కూర్చున్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. "చెట్టు మేసిందని ఇంకా కోపమా, బిడ్డా?" అంది అవ్వ. కోపమే అయితే కడుపునిండా తినేవాణ్ణి.

ఇప్పటికీ కత్తెర పట్టుకుని ఆ చింత ముందు నిలబడితే వీడియోలు గుర్తుకు రావు. అది ఉంటే ఏ కొమ్మ కొరికేదా అని ఆలోచించి, అక్కడే కత్తిరిస్తాను.