గుంట దాకా వచ్చే నీళ్లు

మా నల్లగొండ వైపు పేరు చెబితే ఎవరికైనా కరువే గుర్తొస్తుంది. వరదలు సముద్రం ఒడ్డున ఉండే పల్లపు ఊళ్ల బాధ అని మేమూ అనుకునేవాళ్లం. కానీ మా నేతగాళ్ల వాడ చెరువు కట్ట కింద, ఊరంతటికీ పల్లంలో ఉంది. ఊళ్లో ఎక్కడ చుక్క పడ్డా మా వాకిలే వెతుక్కుంటూ వస్తుంది.

మా అవ్వకు సంవత్సరాల లెక్క తెలియదు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయన్నదే ఆమె లెక్క. బాపు పుట్టిన ఏడు గడప దాకా. మేనత్త పెళ్లి ఏడు మగ్గం గుంట నిండా. మాది గుంట మగ్గం. నేల మీద కూర్చుని, ఎదురుగా బిగించిన నిలువు పోగుల పడుగు కింద కాళ్లు గుంటలోకి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాం. ఇంట్లో అన్నిటికంటే లోతు అదే కనుక నీళ్లు ముందు అందులోనే ఊరతాయి. “గుంట దాక వస్తయి, గుంటల పండుకుంటయి, పోతయి” అనేది అవ్వ. ఆమె పోయాక కూడా బాపుకు ఆ మాటే వేదం. నడుమ కొన్నేళ్లు చెరువు ఎండి తుమ్మలు మొలిచాయి. ఇక భయమేముంది?

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఒక వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. పొద్దున మగ్గం మీద నేనున్నాను. పాదాలకు చల్లగా తగిలింది.

“బాపూ, గుంటల నీళ్లూరుతున్నయి.”

“గుంటల నీళ్లు కొత్తనా? నువ్వు లే. జానెడే మిగిలింది, నేను నేస్త.”

ఆయన కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా గూట్లో పెట్టి వచ్చేసరికి వాకిట్లోంచి ఎర్రనీళ్లు గడప దాటి లోపలికి వస్తున్నాయి. బయట ఎవరో కట్ట తెగిందని అరుస్తున్నారు. పక్షవాతంతో అమ్మ మంచంలో ఉంది. ఒక కాలు, ఒక చెయ్యి రావు, నోరు వంకర పోయింది.

“బాపూ, లే!”

“నేను పడుగు విప్పుకొని వస్త. మీ అమ్మను తీస్కపో.”

“పడుగే పాణమైందా నీకు? బుద్ధుందా?”

“చెప్పింది ఇను బిడ్డా. జల్ది పో.”

తిట్టుకుంటూనే అమ్మను వీపున ఎక్కించుకున్నాను. ఎదురింటి చిన్నమ్మ పట్టుకుంటే వాళ్ల డాబా మీదికి చేర్చాం. అంతసేపూ నేను భయపడింది అమ్మ కోసమే. తిరిగి చూస్తే బాపు బయటికి రాలేదు.

మళ్లీ వెళ్లేసరికి లోపల నీళ్లు నా మోకాళ్లు దాటాయి. కూర్చున్న చోటే కూర్చున్నాడు బాపు. నీళ్లు ఆయన రొమ్ము దాకా ఉన్నాయి. పడుగు ఒక్క పోగైనా విప్పలేదు.

“కాలు ఇరికింది బిడ్డా,” అన్నాడు మెల్లగా. “తొక్కుడు చెక్క నడుమ. నువ్వు పోకముందే ఇరికింది.”

పడుగు అడ్డం ఉంటే గుంటలోకి చెయ్యి అందదు. మగ్గం మీది పడుగు కోయడమంటే మా ఇళ్లల్లో అపశకునం. కత్తెర ఎలా తీశానో, ఎలా కోశానో గుర్తులేదు. మునిగి చెక్క తాళ్లు తెంపాను. మొదటిసారి కాలు రాలేదు. రెండోసారి మునిగేటప్పుడు ఆయన గడ్డం నీళ్లకు తగులుతోంది. నేను గట్టిగా ఏడుస్తున్నాను. కాలు చర్మం లేచిపోయి వచ్చింది.

డాబా మీదికి చేరాక కోపం ఆగలేదు. “ముందుగాల చెప్తే నీ సొమ్మేం పోయేది?”

“చెప్తే మీ అమ్మను ఇడిచిపెడ్తుంటివి.”

కాదు అనాలి. కానీ నిజంగానే వదిలేసేదాన్ని.

పక్కనే చాప మీదున్న అమ్మ అదంతా విన్నది. నీళ్లు తగ్గాక ఆ గుంటను మట్టితో పూడ్చేశాం. ఇప్పుడు ఎత్తు మగ్గం మీద నేస్తున్నాం. అయినా ముసురు పడితే నా పాదాలకు చల్లగా తగిలినట్టే ఉంటుంది, లేచి నేల తడిమి చూస్తాను. అప్పుడు మంచంలోంచి, ఆ వంకర పోయిన నోటితోనే, అమ్మ పిలుస్తుంది:

“బిడ్డా, ముందుగాల మీ బాపును తీస్కపో.”