నాలుకలు లేని బూట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ మెరుగు పెట్టే వస్తువు ఒక్కటే మిగిలింది. అవి మా తాతయ్య బూట్లు. జంషెడ్‌పూర్ కద్మాలో తోట ఉన్న ఇల్లు పోయింది. వచ్చే పోయే మనుషులు పోయారు. పర్సుడీహ్ బజారు వెనుక రేకుల కప్పున్న రెండు గదుల్లోకి మారాం. అక్కడ కూడా ఆ నల్ల బూట్లు మాత్రం గడప పక్కన అద్దంలా మెరుస్తుండేవి. తాతయ్య పొద్దున్నే టీ అయినా తాగకముందే వాటిని తుడిచేవారు. ఎక్కడికి వెళ్ళడానికని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆయన ఎక్కడికీ వెళ్ళరని మాకు తెలుసు.

తాతయ్య ఒక కార్ఖానాలో ఫోర్మన్‌గా పనిచేశారు. ఒకరోజు అక్కడ ఒక కూలీ చేయి మిషనులో నలిగింది. మిషనుకు ఉండాల్సిన రక్షణ తొడుగు ఆ రోజు లేదు. తప్పు కూలీదేనని రాసిన కాగితాన్ని పై అధికారి తెచ్చి సంతకం చేయమన్నాడు. తాతయ్య కలం మూత పెట్టి, ఆ కాగితం మీదే ఉంచి, ఇంటికి వచ్చేశారు. మళ్ళీ ఆ గేటు దాటలేదు. పనిముట్లు ముట్టుకోనని కూడా ఆ రోజే అన్నారట. మేము పడిపోయింది అలా. తాగి కాదు, జూదమాడి కాదు. ఈ మాట నేను ఎవరి ముందైనా తల ఎత్తే చెబుతాను.

మా తెలుగు చర్చి కట్టినప్పుడు ఇటుకలు మోసిన వాళ్ళలో మా ముత్తాత ఒకరు. అందుకని ముందు బెంచీ మాది. మేము పర్సుడీహ్ వెళ్ళాక కూడా అక్కడి నుంచి లేవమని ఎవరూ అనలేదు. మా పక్కన కూర్చోవడం మాత్రం మానేశారు. ప్రతి క్రిస్మస్‌కూ వాక్యం చదివే పని నాది. మేము పర్సుడీహ్ వెళ్ళిన ఏడాది దాన్ని వేరే పిల్లకు ఇచ్చారు. నేను ఏడవలేదు. వీపు నిటారుగా పెట్టుకుని, ఆ పిల్ల తడబడ్డ ప్రతి మాటనూ మనసులో సరిదిద్దుతూ కూర్చున్నాను.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా మా చర్చి యువకులు చిలికా సరస్సులోని మారుమూల లంకలకు సువార్త యాత్ర తలపెట్టారు. వాళ్ళకు ఒరియా వచ్చిన పెద్ద మనిషి కావలసి వచ్చింది. అలా తాతయ్య గుర్తొచ్చారు. ఆయన నన్ను వెంట తీసుకెళ్తానన్నారు. పాటలకు పిల్ల గొంతు పనికొస్తుందని వాళ్ళూ సరేనన్నారు.

ఆ యాత్రను మా చర్చిలో అందరూ 'మిషను' అనేవాళ్ళు. మిషను ఎప్పుడు, మిషనుకు ఎవరెవరు, ఇవే మాటలు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళ నోట బట్టలు కుట్టేదీ మిషనే, కార్ఖానాలో తిరిగేదీ మిషనే, దేవుడి పనీ మిషనే. ఏది ఏదో సందర్భాన్ని బట్టి మాకు తెలిసిపోయేది. మేము వస్తున్నట్టు లంకకు కబురు తీసుకెళ్ళిన లాంచీ డ్రైవరు కూడా అదే మాట చెప్పాడు. టాటానగర్ నుంచి మిషను వాళ్ళు వస్తున్నారని.

ఆ లంకలో ఉన్నది మనవాళ్ళే. ఏ కాలంలోనో శ్రీకాకుళం వైపు నుంచి వలలతో వెళ్ళి అక్కడ నిలిచిపోయిన బెస్తలు. మా లాంచీ ఒడ్డుకు చేరేసరికి ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఆడవాళ్ళందరి చంకల్లోనూ ఖాళీ బిందెలు. ఒక ముసలమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వచ్చి మా యూత్ లీడరు చేయి పట్టుకుంది.

"మిషను వోలొచ్చీసినారు! రాండి నాయినా, రాండి. నాలుగు నెల్లయి మీలాటోల కోసమే సూత్తన్నాం."

మా లీడరన్న కళ్ళు చెమర్చాయి. ఇంత దాహంతో ఎదురుచూసే ఆత్మలను ఎక్కడా చూడలేదని మా వైపు తిరిగి అన్నాడు. ముసలమ్మ మమ్మల్ని ఊరి నడుమ ఉన్న బోరింగు దగ్గరికి తీసుకెళ్ళింది. జనం చుట్టూ చేరారు. అదే కూటం స్థలమనుకుని లీడరన్న డోలక్ విప్పించాడు. రెండు పాటలు పాడాం. ఆయన బోరింగు మీద చేయి వేసి, జీవజలాన్ని గురించి పెద్ద ప్రార్థన చేశాడు. ఊరివాళ్ళు మర్యాదగా తలలు వంచి నిలబడ్డారు. పని మొదలుపెట్టే ముందు పనిముట్లకు పూజ చేసుకుంటారు కదా, ఇదీ అలాంటిదేనని వాళ్ళు అనుకున్నారు. మూడో పాట ఎత్తుకోబోతుంటే ముసలమ్మ నెమ్మదిగా అడిగింది.

"పాటలు బాగున్నాయి గానీ నాయినా, పానాలేవీ?"

పానాలంటే నట్లు విప్పే పనిముట్లు. ప్రార్థనకు వచ్చిన మా దగ్గర అవెందుకు ఉంటాయో ఎవరికీ అర్థం కాలేదు. ఒక నడివయసు ఆవిడ ముందుకు వచ్చి బోరింగు పిడి పట్టుకుని పైకీ కిందికీ ఆడించింది. కడక్, కడక్ మని ఇనుము చప్పుడు తప్ప చుక్క రాలేదు. వాళ్ళు ఎదురుచూసింది ఈ మిషను బాగుచేసేవాళ్ళ కోసం. లంకలో తియ్యటి నీళ్ళు ఉన్నది ఆ ఒక్క చోటే. అది పాడయిన నాటి నుంచి ఆడవాళ్ళు పడవ వేసుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. పొద్దున వెళ్తే తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం. నా ఈడు పిల్ల ఒకతి తన అరచేతులు చూపించింది. తెడ్డు వేసి వేసి పొక్కులు పగిలి, మళ్ళీ పొక్కి, మళ్ళీ పగిలి ఉన్నాయి.

లీడరన్న ముఖం పాలిపోయింది. తాతయ్య చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అన్నాడు. "అరే తాతగారూ, మీరు ఫోర్మన్ కదా. జర చూసినట్టు చేసేయండి. పార్టు కావాలి, తర్వాత పంపుతామంటే బస్, అయిపోద్ది."

"చూసినట్టు చేయడం నాకు రాదు బాబూ," అన్నారు తాతయ్య.

అప్పటికే నేను ఆ పొక్కుల పిల్లతో చెప్పేశాను, మా తాతయ్య ఫోర్మననీ, ఎంత పెద్ద మిషనైనా ఆయన చేయి పడితే నడుస్తుందనీ. కొన్నేళ్ళుగా ఆ మాట చెప్పుకోవడానికి నాకు మనిషి దొరకలేదు. ఆ పిల్ల పరుగెత్తుకెళ్ళి వాళ్ళ అమ్మకు చెప్పింది. ఊరంతా తాతయ్య వైపు తిరిగింది. ఆయన నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. చాలాకాలం మూసి ఉంచిన తలుపును ఎవరో అడగకుండా తెరిచినట్టు చూశారు.

కోటు విప్పి నా చేతికిచ్చారు. లాంచీ డ్రైవరు దగ్గర పానా అడిగి తీసుకున్నారు. బోరింగు మూత విప్పి లోపలి కడ్డీ పైకి లాగితే, చివర తోలు వాచరు ఉండాల్సిన చోట లారీ ట్యూబు ముక్క ఒకటి తాడుతో కట్టి ఉంది. ఎవరో పాపం తమకు తోచింది చేశారు. లోపమంతా ఆ అరచేతి వెడల్పు తోలులోనే ఉంది. పట్నంలో ఏ ఇనుప సామాను కొట్లోనైనా దొరికే వస్తువది. లంకలో దొరకదు.

తాతయ్య కడ్డీని పక్కన పెట్టి కింద కూర్చున్నారు. తర్వాత వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టారు. లేసుల కింద నాలుకలా ఉండే దళసరి తోలు ఉంటుంది కదా, రెండు బూట్లలోనూ దాన్ని చేపలు కోసే కత్తితో మొదలంటా కోసేశారు. నా గొంతులోంచి "తాతయ్యా" అని వచ్చింది. ఆయన తల ఎత్తలేదు. రెండు ముక్కలనూ గుండ్రంగా కోసి, నడుమ కన్నం చేసి, ఆవనూనెలో నానబెట్టి, ఒకదాని మీద ఒకటి వేసి గిన్నెలా వంచి బిగించారు. అప్పుడు బోరింగు నీళ్ళు అందుకునేలా పైనుంచి పోయడానికి ఒక బిందెడు నీళ్ళు అడిగారు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పూట శ్రమతో తెచ్చుకున్న నీళ్ళు అవి. చివరికి ముసలమ్మే తన బిందె తెచ్చి ఇచ్చింది.

పిడి కొట్టిన కొద్దీ ముందు మట్టి వాసన వచ్చింది, తర్వాత ఎర్రటి నీళ్ళు, తర్వాత తేట నీళ్ళు. ఆ కేకలు నేను రాయలేను. లీడరన్న చేతులెత్తి స్తోత్రం చెప్పాడు. ఎవరో ఆయన బోరింగు కొడుతున్నట్టు ఫోటో తీశారు. తాతయ్య ముసలమ్మతో ఒకే మాట అన్నారు. "ఇది బూటు తోలమ్మా. ఇసుక నీళ్ళకు మూడు నెలలు ఆగితే గొప్ప. ఈలోగా అసలు వాచర్లు పంపిస్తాను. నాది పూచీ."

ఆమె నవ్వింది. "మీ మాట సాల్దేటి బాబూ."

ఇంటికి వచ్చిన మర్నాడే తాతయ్య జుగ్‌సలాయి బజారుకు నడిచి వెళ్ళి నాలుగు తోలు వాచర్లు తెచ్చారు. వాటికి నూనె పట్టించి, న్యూస్‌పేపర్లో చుట్టి, పైన లంక పేరు రాసి లీడరన్నకు అందజేశారు. రెండు నెలల్లో మళ్ళీ యాత్ర ఉంది, అప్పుడు తీసుకెళ్తామని అతను ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారమే చర్చిలో యాత్ర సాక్ష్యం జరిగింది. లీడరన్న మైకు దగ్గర నిలబడి, ఎండిపోయిన బావి మీద చేయి వేసి ప్రార్థించగానే నీళ్ళు ఎగసి వచ్చాయని చెప్పాడు. చప్పట్లు మోగాయి. మా బెంచీలోంచి తాతయ్య లేచారు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు.

"దేవుడు అక్కడ లేడని నేను అనను. కానీ నీళ్ళు తెచ్చింది తోలు వాచరు. అది అరిగిపోతుంది. ఇది అద్భుతమని చెప్పుకుంటే మళ్ళీ వాచరు తీసుకెళ్ళాలని ఎవరికీ గుర్తుండదు."

చప్పట్లు ఆగిపోయాయి. వెనుక నుంచి ఎవరో, ఉన్నది పోయినా పొగరు పోలేదు చూడు, అన్నారు. లీడరన్న నవ్వుముఖంతోనే నా వైపు చేయి చాచాడు. "పోనీ, పాప కూడా అక్కడే ఉంది కదా. చిన్నపిల్ల అబద్ధం చెప్పదు. రా తల్లీ, మైకు దగ్గరికి రా."

ఎన్నాళ్ళకు పిలిచారు నన్ను! గంజి పెట్టిన గౌను సర్దుకుని, ఆ నాలుగడుగులూ రాణిలా నడిచాను. అందరి ముఖాలూ నా వైపే ఉన్నాయి. మానేసిన వాళ్ళంతా మళ్ళీ మా పక్కకు వచ్చి కూర్చుంటారనిపించింది. లీడరన్న మైకు నా ఎత్తుకు దించి ఒకే ప్రశ్న అడిగాడు.

"ప్రార్థన చేశాక నీళ్ళు వచ్చాయా, రాలేదా?"

నిజానికి అది అబద్ధపు ప్రశ్న కాదు. ప్రార్థన ముందు జరిగింది, నీళ్ళు తర్వాతే వచ్చాయి. నడుమ ఒక జత బూట్లు ఉన్నాయి. వాటి సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

"వచ్చాయి," అన్నాను.

స్తోత్రం, స్తోత్రం అని చర్చి మారుమోగింది. ఆ హోరులో తాతయ్య కూర్చోవడం చూశాను. ఒక్క సంతకం పెట్టనందుకు అన్నీ వదులుకున్న మనిషి ఎదుట, ఆయన మనవరాలినైన నేను ఒక్క మాటతో సంతకం పెట్టేశాను. ఆ క్రిస్మస్‌కు వాక్యం చదివే పని మళ్ళీ నాకు ఇచ్చారు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం ఇంటికి బయలుదేరాం. తాతయ్య దారిలో ఒకసారి ఆగి వదులైన లేసులు బిగించుకున్నారు, అంతే. రెండు నెలలకు యువకులు వేరే లంకకు వెళ్ళారు. మొదటి లంకలో దేవుడి పని పూర్తయిందన్నారు. వాచర్ల సంగతి తాతయ్య రెండుసార్లు అడిగారు. అద్భుతానికి స్పేర్ పార్టులు పంపితే జనం ఏమనుకుంటారని లీడరన్న జవాబు. పొట్లం తిరిగి ఇమ్మంటే కనబడలేదన్నారు. తానే వెళ్దామని తాతయ్య మళ్ళీ వాచర్లు తెచ్చుకున్నారు. ప్రయాణం పెట్టుకున్న వారంలోనే మంచం పట్టి, ఇక లేవలేదు. చివరి రోజుల్లో కూడా మూడు నెలలు ఎప్పటికి నిండుతాయని మా అమ్మను అడిగేవారు. అప్పటికే నిండిపోయాయని ఆమె చెప్పలేదు.

చాలా ఏళ్ళకు చర్చి పాత బీరువా ఖాళీ చేస్తుంటే ఆ మొదటి పొట్లం నా చేతికే దొరికింది. వాచర్లు ఎండి చెక్కల్లా బిగుసుకుపోయాయి. లంక పేరు మాత్రం తాతయ్య గుండ్రటి అక్షరాల్లో చెదరకుండా ఉంది. ఆ లంకకు నేను కూడా వెళ్ళలేదు. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అని కారణాలు చెప్పుకున్నాను. అసలు కారణం ఆ పొక్కుల చేతుల పిల్ల. మీ తాతయ్య మాట ఏమైందని ఆమె అడుగుతుందని భయం.

ఇప్పుడు నేను పెద్దదాన్ని. ముందు బెంచీ మీద గౌరవంగా కూర్చోబెడతారు, సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తారు. నేను లేవను. పొగరనుకుంటారు, అనుకోనీ. పొద్దున్నే టీ కంటే ముందు తాతయ్య బూట్లకు నేనే మెరుగు పెడతాను. లేసులు ఎంత బిగించినా నడుమ ఖాళీ కనబడుతూనే ఉంటుంది. బ్రష్ ఆ ఖాళీలో తగిలినప్పుడల్లా ఎక్కడో ఒక పిల్ల బోరింగు పిడి పట్టుకుని కొడుతున్నట్టు వినిపిస్తుంది. కడక్, కడక్. నీళ్ళ చప్పుడు మాత్రం రాదు.