కునుక్కి ఇంగ్లీషు మాట

శామీర్‌పేటలో మా బడి వ్యాను నడిపే అన్న రోజుకో ఇంగ్లీషు మాట అడిగేవాడు. హోర్డింగు మీద ఏదో చదివి, స్టీరింగు మీద వేళ్లతో దరువు వేస్తూ, "గీ మాటకు అర్థమేంది మేడం?" అనేవాడు. ఆ వేళ్లు ఒక్క క్షణం ఊరుకునేవి కావు.

ఒక సాయంత్రం పిల్లలను దింపడానికి వెళ్తుంటే, దేవరయాంజాల్ దాటాక ఆ దరువు ఆగింది. పక్క సీట్లోంచి చూస్తే ఆయన కళ్లు మూతపడి ఉన్నాయి. "అన్నా!" అని అరిచాను. ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. వ్యాను రోడ్డు దిగి కంకర మీద ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

భార్య ఆస్పత్రిలో ఉందట. మూడు రోజులుగా ఆయనకు నిద్ర లేదట. ఈ సంగతి ఎవరికీ చెప్పనన్నాను. ముఖం కడుక్కొని, మెల్లగా నడిపి, పిల్లలందరినీ దింపాడు. అప్పుడు అడిగాడు.

"నేను నిద్ర పోలే మేడం, జర కునుకు పట్టింది. దాన్ని ఇంగ్లీషుల ఏమంటరు?"

"డోజ్ అంటరన్నా. స్లీప్ అంటే మనం కావాలని పండుకునుడు. డోజ్ అట్ల కాదు, మనకు తెల్వకుంటనే వస్తది."

తప్పు ఆయనది కాదని చెప్పాలనే అలా విడమరిచాను. ఆయన ముఖం మరింత పాలిపోయింది.

"తెల్వకుంట వస్తదా? మరి నేనెట్ల ఆపుత?"

నేరుగా బడికి తిరిగొచ్చి, హెడ్మాస్టరుకు జరిగిందంతా తానే చెప్పి, తాళంచెవి బల్ల మీద పెట్టేశాడు.

ఇప్పుడు కొత్త డ్రైవరు వచ్చాడు. దారి పొడుగునా నేను అతని కళ్లనే చూస్తుంటాను.