నా ఎడమ మోకాలి వాదన

ఒక్క మాట సూటిగా చెప్పండి: మీరెప్పుడైనా సొంత మోకాలి చేతిలో డిబేట్ ఓడిపోయారా? నేను పోయిన వారం ఓడిపోయాను. అదీ మా నాన్న, మా బాపు ఎదుట!

బాపుది ఇక్కడే సూరత్‌లో పవర్‌లూమ్ మీద పని. ముప్పై ఏళ్లుగా నిలబడే ఉన్నాడు. ఈమధ్య మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. "డాక్టర్‌కి చూపిద్దాం బాపూ" అంటే, "నాకేమైంది? నువ్వే పొద్దంతా ఫోన్ పట్టుకొని కూసుంటవ్" అన్నాడు. కాలేజీలో మైకు దొరికితే ఎవరికీ తగ్గనిదాన్ని, ఇంట్లో తగ్గుతానా? పందెం వేశాను. నలభై రోజులు, రోజుకు వంద స్క్వాట్స్. ఆపకుండా చేస్తే ఆయన డాక్టర్ దగ్గరకు రావాలి. మధ్యలో ఆపితే ఆయన మోకాళ్ల ఊసు నేనెత్తకూడదు.

మొదటి రోజు బాపు చాయ్ తాగుతూ చూశాడు. "గుంజీళ్లు తీస్తున్నవేంది బిడ్డా? ఏ సార్ శిక్షేసిండు?"

"ఇది ఫిట్‌నెస్!"

నాలుగో రోజు మోకాల్లో మొదలైంది చప్పుడు. కూర్చుంటే టక్. లేస్తే టక్. నొప్పి లేదు. కానీ చెబితే ఆపమంటారు. పందెం పోతే బాపును డాక్టర్ గడప ఎవరు ఎక్కిస్తారు? అందుకే దాచాను. స్పీకర్‌లో పాటలు గట్టిగా పెట్టి, వాటి చాటున లేస్తూ, కూర్చుంటూ...

దాస్తున్నది ఎవరి దగ్గర? షెడ్డు నిండా మగ్గాలు ఒక్కసారే మోగుతుంటే, ఏ మగ్గంలో ఏ నట్టు వదులైందో చెవితోనే పట్టే మనిషి దగ్గర!

ఆరో రోజు ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పాట ఆపు." ఆపాను. "ఇప్పుడు లే." లేచాను. టక్.

"ఎడమది. లేచేటప్పుడే ఎక్కువ. ఎన్ని దినాలాయె?"

"బాపూ, అది... వార్మప్ సౌండ్."

"చప్పుడొస్తే మిషన్ బంద్ చెయ్యాలె. అట్లనే నడిపినవంటే మొత్తం ఖరాబైతది. చెప్పులేసుకో."

ఆటోలో కూడా వాదించాను: ఇది ఆపడం కాదు, విరామం మాత్రమే అని. ఆయన ఆటోవాలాకు దారి చెప్తూనే ఉన్నాడు.

ఫిజియోథెరపిస్ట్ నా కాలు అటూ ఇటూ వంచి చూసింది. "నొప్పి లేదు, వాపు లేదు, ఉత్త చప్పుడే. భయం లేదు. మొదటి రోజే వంద ఎవరు చేయమన్నారు? పదితో మొదలుపెట్టు, వంగే పద్ధతి నేర్పిస్తాను."

అంతలో ఆమె చూపు పక్కకు తిరిగింది. బాపు కుర్చీకి రెండు చేతులూ ఆనించి మెల్లగా లేస్తున్నాడు.

"కాకా, ప్యాంటు జర పైకి మడవండి."

"నా దాంట్ల చప్పుడే లేదు మేడమ్" అన్నాడు బాపు.

కుడి మోకాలు బన్నులా పొంగి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?"

బాపు నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని, "దసరా సంది" అన్నాడు.

అన్ని ఉపన్యాసాలిచ్చాను, పందెం కట్టాను, వందల గుంజీళ్లు తీశాను. "ఏదీ, చూపించు బాపూ" అని ఒక్కసారి అడగలేదు.

మేడమ్ ఎక్స్‌రే చీటీ ఆయన పేరు మీదే రాసింది. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం పక్కపక్కనే కాళ్లు చాపి, ఆమె నేర్పిన వ్యాయామాలు చేస్తున్నాం. మా ఇంట్లో చప్పుడంతా నాది, వాపు ఆయనది!

వింటున్నారు కదా? ఈ రోజు ఇంటికి వెళ్లగానే, చప్పుడు చేయకుండా గోడ పట్టుకుని మెట్లెక్కే మనిషిని కూర్చోబెట్టండి. ఉపన్యాసం మాత్రం వద్దు, అది నేను ఇచ్చి చూశాను. మోకాలు చూపించమని అడగండి, చాలు.