తాయెత్తులో దొరికిన దయ్యం కథ

రిజ్వానా టీచర్‌కు ఎవరి మీదా నమ్మకం లేదు. జడ్చర్లలో ముప్పై ఏళ్లు పిల్లలకు ఉర్దూ చెప్పి రిటైరైంది. ఇద్దరి జవాబులు ఒకేలా ఉంటే ఇద్దరికీ సున్నా వేసిన మనిషి. పాలు పోసే బీరమ్మ ఎదుటే గిన్నెలో వేలు ముంచి చూస్తుంది.

తల్లి జాహేదా పోయాక పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన పుస్తకం దొరికింది. తల్లి రోజూ పెదవులు కదిలిస్తూ ముందేసుకుని కూర్చునేది అదే, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. దువాల, అంటే ప్రార్థనల పుస్తకమనుకుంది రిజ్వానా. తీరా చూస్తే నూట ముప్పై ఏళ్ల నాటి ఉర్దూ దయ్యాల కథలు! పాడుబడ్డ నవాబుల దేవిడీలు, తాళం వేసిన గదులు. రాసినాయన పేరు ఎవరూ విననిది.

మరుగునపడ్డ ఇలాంటి కథల్ని వెతికి తెలుగులో అచ్చేసే విజేందర్ సంగతి తెలిసి హైదరాబాద్ నుంచి వచ్చాడు. అన్నింట్లోకి గొప్ప కథకు మాత్రం చివరి కాగితం లేదు. తాళం గదిలో ఉన్నదెవరో తెలియకుండా ఎట్లా వేసేదన్నాడు. ఆ గదిలో ఎవరున్నారో తెలిసేదాకా రిజ్వానాకూ అన్నం సయించలేదు.

ముందు విజేందర్‌నే అనుమానించింది. ఫొటోలు తీస్తూ నొక్కేశాడేమోనని సంచి విప్పించింది. పాపం, గొడుగూ టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేవు. తర్వాత సున్నం వేసినవాళ్లు, ఆ తర్వాత పాత సామాను కొనేవాడు.

ఒక పొద్దున బీరమ్మ పాలతో పాటు రాగి తాయెత్తు తెచ్చింది.

"మా గిరిగాడు చిన్నప్పుడు దడుసుకుంటే మీ అమ్మ కట్టింది టీచరమ్మా. వాడు పెద్దగయిండు, గిప్పుడు మేకపోతుకు కట్టిన. మూత ఊడింది, జర సరిజేసియ్యి."

లోపల మడతల్లో ఆ కాగితమే ఉంది. రిజ్వానా నిలబడే చదివింది. గదిలో దయ్యం లేదు. ఇంటివాళ్లు మరిచిపోయిన ముసలమ్మ ఉంది.

దడుపు పోవడానికి దయ్యం కథ కట్టిందంటే అమ్మకు చదువే రాదన్నమాట. ఉర్దూ అక్షరాలన్నీ అల్లా మాటలే అనుకుంది అమ్మ. ఊరి పిల్లలందరికీ అలిఫ్ బే దిద్దించిన రిజ్వానా, ఇంట్లో అమ్మను చదువొచ్చా అని ఒక్కనాడూ అడగలేదు.

బీరమ్మను కూర్చోబెట్టి నకలు రాసుకుంది. అసలు కాగితాన్ని మళ్లీ మడిచి లోపలే పెట్టి మూత నొక్కింది.

"ఏం రాసున్నది టీచరమ్మా?"

"మా అమ్మ రోజూ చదువుకునే దువా," అంది రిజ్వానా.

బీరమ్మ తాయెత్తును కళ్లకద్దుకుంది.